ఎనోషు ప్రయాణం

"ఈ రోజులు మళ్ళీ రావమ్మా" అని హెప్సీతో అనని మనిషి టెక్సస్‌లోని ఆ ఇర్వింగ్‌ ఊళ్ళో లేదు. చర్చిలో పాస్టరమ్మ అంది. ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ అంది. పార్కింగ్‌లో ఒక అమెరికన్ ముసలావిడ కారు ఆపి, అద్దం దించి మరీ అదే మాట ఇంగ్లీషులో అని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. చెప్పేవాళ్ళందరి మొహాల్లోనూ హెప్సీకి కనిపించేది ఒక్కటే, రాత్రంతా ఒళ్ళు తెలియకుండా పడుకుని లేచిన కళ. రోజులు మళ్ళీ రావని ఆమెకి తెలియక కాదు. ఇవాళ్టి రోజు ఎప్పుడు గడుస్తుందా అన్నదే ఆమె గొడవ.

పెద్దది జోయానాకి మూడున్నరేళ్ళు. చిన్నవాడు ఎనోషుకి పది నెలలు. వాడు పగలు కునుకు తీస్తాడు, రాత్రి ఊరేగుతాడు. ఎత్తుకుంటే దించనివ్వడు, దించితే ఊరుకోడు. తమ్ముడు పడుకున్న ఆ కాసేపూ జోయానాకి అమ్మ కావాలి, అమ్మ ఒళ్ళో కూర్చోవాలి, అమ్మ మొహం రెండు చేతులతో తనవైపు తిప్పుకుని మాట్లాడాలి. తల దువ్వుకుందామని దువ్వెన తీసిన హెప్సీ, సాయంత్రం ఆ దువ్వెన ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికితే ఆశ్చర్యపోవడం కూడా మానేసింది.

పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే అదీ కుదరదు. జోయానా పుట్టకముందు ఏళ్ళ తరబడి హెప్సీకి పిల్లలు లేరు. అప్పుడు చర్చి సంఘంలోని స్త్రీలు వంతులు వేసుకుని ఆమె పేరున శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. అందుకని జోయానా ఒక్క హెప్సీ కూతురు కాదు, సంఘమంతా కలిసి అడిగి తెచ్చుకున్న బిడ్డ. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు పిల్ల బుగ్గ పుణికి, "నీకోసం ఎన్ని పూటలు పస్తులున్నానో తెలుసా" అనేవారు. నవ్వుతూనే అనేవారు. అయినా ఆ మాట హెప్సీకి ఎక్కడో తగిలేది. అంతమంది కడుపు మాడ్చుకుని అడిగిపెట్టిన వరాన్ని చంకలో పెట్టుకుని, నాకు చేతకావడం లేదని ఏ నోటితో అంటుంది? ఎవరైనా ఎలా ఉన్నావంటే "దేవుని కృప" అనేది. అంటూనే ఆవులింత మింగేది.

ఎనోషుని ఇండియా పంపాలన్న ఆలోచన ఒక ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పుట్టింది. బెల్ట్‌లైన్ రోడ్డు మీద ఎర్రలైటు పడితే కారు ఆపి, వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉండగా, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి హెప్సీ నిద్రపోయింది. వెనకవాళ్ళు హారన్లు మోగించినా లేవలేదు. ఎవరో దిగివచ్చి అద్దం మీద కొడితే కళ్ళు తెరిచింది. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం భర్త రాకేష్‌కి జరిగింది చెప్పింది.

"అమ్మ ఇండియా వెళ్ళేటప్పుడు బాబుని కూడా పంపిద్దాం హెప్సీ" అన్నాడతను. "ఒక్క ఇయర్. నీ లీవ్ అయిపోతోంది. జాబ్ మానేద్దామంటే గ్రీన్‌కార్డ్ నీ కంపెనీ మీదే నడుస్తోంది. నేను మాత్రం అమ్మమ్మ దగ్గర పెరగలేదా? నాకేమైంది?"

అది ఇక్కడ ఎవరూ చేయని పనేమీ కాదు. వాళ్ళ అపార్ట్‌మెంట్స్‌లోనే రెండు ఇళ్ళవాళ్ళు పసిపిల్లల్ని అమ్మమ్మ, నానమ్మల దగ్గరికి పంపి, వీడియో కాల్‌లో చూసుకుంటున్నారు. హెప్సీ సరేనంది. ఏడ్చి సరేనందా, ఆలోచించి సరేనందా అంటే రెండూ కాదు, నిద్రమత్తులో సరేనంది.

అత్తగారు సుగుణమ్మ మొహంలో మాత్రం వెలుగు దాచుకుందామన్నా దాగలేదు. ఆవిడ ఏలూరులో రిటైరైన టీచరు. మనవడి కోసం వచ్చి, విజిటర్ వీసా గడువు దగ్గర పడేసరికి మొహం చిన్నబుచ్చుకుని తిరుగుతోంది. కబురు తెలిసిన రోజే ఊరికి ఫోన్ చేసి, అటక మీద ఉయ్యాల దింపి కడిగించమని, వీధి గదికి సున్నం వేయించమని పురమాయించింది. రాగులు మొలకట్టించమంది. రోజూ సాయంత్రం ఎనోషుకి "మనం విమానం ఎక్కుతాం, బుజ్జిగాడా" అని పాటలా చెప్పేది. వాడు బోసినవ్వు నవ్వేవాడు. ఎక్కడికైతే నాకేం అన్నట్టుండేది వాడి వాలకం.

రాకేష్‌కి తల్లి అంటే ఎంతో గౌరవం. ఆవిడ ఏజెన్సీ ఊళ్ళల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పాలు మానిన దగ్గర్నుంచి బడికి వెళ్ళి చాలా తరగతులు చదివేదాకా, అతను అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. ఇక్కడికి వచ్చాక ఆవిడకి మెత్తటి దిండు, మోకాళ్ళకి పట్టీలు, టీవీలో తెలుగు వార్తలు అన్నీ అమర్చాడు. తిన్న కంచం తనే కడుక్కునేవాడు. ఆవిడ వడ్డించబోతే "మీరు కూర్చోండమ్మా, నేను పెట్టుకుంటాను" అనేవాడు. మొదట్లో హెప్సీ అది చూసి ముచ్చటపడింది. ఎంత పద్ధతిగా పెంచారు అనుకుంది.

ప్రయాణం శనివారం. గురువారం తెల్లవారుజామున ప్రార్థన లైన్‌లో హెప్సీ వంతు వచ్చింది.

ప్రార్థన లైన్ అంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. సంఘంలోని స్త్రీలు, ఊళ్ళు మారి వెళ్ళిపోయినవాళ్ళు, తెల్లారకముందే ఎవరింట్లో వాళ్ళు ఫోన్ పట్టుకుని ఒకే నంబర్‌కి కలుస్తారు. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉంటారు. మధ్యమధ్య మ్యూట్ తీసి "స్తోత్రం" అంటారు, ముగిశాక "ఆమేన్" అంటారు. పప్పు ఉడికించుకునేవాళ్ళు ఉడికించుకుంటారు, డ్యూటీ దిగి కారు నడుపుకుంటూ వచ్చేవాళ్ళూ ఉంటారు. అందర్నీ నడిపించేది కృపామణి ఆంటీ. ఆవిడ హాస్పిటల్లో నైట్ నర్సు. సుగుణమ్మ కూడా వచ్చిన కొత్తలోనే లైన్‌లో చేరి, పక్క గదిలో స్పీకర్ పెట్టుకుని వినేది.

ఆరోజు హెప్సీది కృతజ్ఞతాస్తుతుల భాగం. ఎనోషుని భుజం మీద వేసుకుని జోకొడుతూ, వంటగదిలో చీకట్లో నిలబడి ప్రార్థించింది. "పరిశుద్ధుడవైన తండ్రీ, గొడ్రాలని పిలువబడిన నాకు గర్భఫలము దయచేసిన దేవా, ఈ బిడ్డలను బట్టి నీకు వేలాది స్తోత్రములు" అంది. ఆ మాటలు ఆమె నోటికి ఎంత అలవాటంటే, సగం నిద్రలో కూడా తడబడకుండా వచ్చాయి. అవగానే మ్యూట్ నొక్కి, ఫోన్ గట్టు మీద పెట్టింది. నొక్కాననుకుంది. ఇంకొకావిడ ప్రయాణాల కోసం, చిన్నబిడ్డ ఎనోషు క్షేమం కోసం ప్రార్థన అందుకుంది. ఎనోషు కళ్ళు అప్పుడే మూతపడుతున్నాయి. ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి, సోఫా పక్కన ఉన్న తొట్టిలో వాణ్ణి పడుకోబెట్టింది. చెయ్యి మెల్లగా తీసింది. వాడు లేవలేదు.

అదే నిమిషంలో జోయానా గదిలోంచి వచ్చి, పాటలు పాడే ప్లాస్టిక్ పియానో ఆన్ చేసింది. ఎనోషు ఉలిక్కిపడి ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు.

"ఎందుకే నా ప్రాణం తీస్తావు?" అని అరిచింది హెప్సీ. ఆ గొంతు తనదేనా అనిపించేంత గట్టిగా అరిచింది. "దేవుణ్ణి అడిగి అడిగి తెచ్చుకున్నాను నిన్ను. అడక్కుండా ఉన్నా బాగుండేది. వీడెలాగూ పోతున్నాడు, వీడితోపాటు నువ్వు కూడా పో. నన్ను వదిలెయ్యి."

ఒక్క క్షణం ఆగి, అవే మాటలు గోడ అవతల అత్తగారి గదిలోంచి వినిపించాయి. నన్ను వదిలెయ్యి అన్న గొంతు హెప్సీదే, సుగుణమ్మ ఫోన్‌లోంచి వస్తోంది.

లైన్ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ప్రార్థన ముగింపనుకుని, ఎక్కడో న్యూజెర్సీలో కునికిపాట్లు పడుతున్న మాణిక్యమ్మ ఆంటీ, అలవాటు ప్రకారం, "ఆమేన్" అంది.

హెప్సీ ఫోన్ కట్ చేసి నేలమీద కూలబడింది. జోయానా కాసేపు తల్లిని చూసి, "ఓకే మమ్మీ. నా పింక్ షూస్ ఎక్కడా?" అని అడిగింది. దానికి కోపమూ లేదు, ఏడుపూ లేదు. పొమ్మంది కదా, వెళ్ళడానికి చెప్పులు కావాలి, అంతే. ఆ మాటకి హెప్సీకి దుఃఖం ఆగలేదు.

సుగుణమ్మ వచ్చి ఎనోషుని ఎత్తుకుంది. "కాఫీ కలిపాను, తాగు" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదని హెప్సీకి అనిపించింది.

కృపామణి ఆంటీ నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. హెప్సీ చాలాసేపు తీయలేదు. ఇక తప్పదని తీసింది.

"అమ్మా హెప్సీ, రేపట్నుంచి నువ్వు లైన్‌లోకి రావద్దు" అంది ఆవిడ.

"తప్పైపోయింది ఆంటీ. మ్యూట్ అయిందనుకున్నాను."

"అందుక్కాదే పిచ్చిపిల్లా. దేవుడి దగ్గర ఎటూ మ్యూట్ ఉండదు, ఆయన రోజూ వింటూనే ఉన్నాడు. ఆ టైంలో నువ్వు పడుకో. నీ వంతు నేను చేస్తా. డ్యూటీ దిగొచ్చాక నాకెలాగూ నిద్ర పట్టదు."

"పాపని అంత మాట అన్నాను ఆంటీ. మీరందరూ ఉపవాసాలుండి..."

"మేం పస్తులున్నది నువ్వు మాకు బాకీ పడాలని కాదమ్మా. పిల్లల్నివ్వమని అడిగాం, వాళ్ళతోపాటు నీకింత నిద్ర కూడా ఇవ్వమని అడగడం మర్చిపోయాం. అది మా పొరపాటు." ఆవిడ ఫోన్‌లోనే ఆవులించింది. "మాణిక్యమ్మకి ఒకసారి కాల్ చెయ్యి. ఆమేన్ అన్నందుకు పొద్దుట్నుంచి ఏడుస్తోంది పాపం."

హెప్సీకి ఏడుపులోనే నవ్వు వచ్చింది. కాస్త తేరుకుని, అడగాలనుకున్నది అడిగింది. "బాబుని పంపడం తప్పంటారా ఆంటీ?"

"నాకు తెలీదమ్మా. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఉంచుకున్నవాళ్ళు గొప్పవాళ్ళూ కాదు. ముందు పడుకుని లే. నిద్రమొహంతో ఏదీ తేల్చుకోకు."

శుక్రవారం సాయంత్రం రాకేష్ హాల్లో పెట్టెలు పరిచి సామాను సర్దాడు. సుగుణమ్మ ఎనోషు బట్టలు ఒక్కొక్కటీ మడిచి అందిస్తోంది. జోయానా తన పింక్ షూస్ తెచ్చి, తమ్ముడి చొక్కాల మీద జాగ్రత్తగా పెట్టింది.

"నువ్వెక్కడికే?" అని నవ్వాడు రాకేష్.

"మమ్మీ చెప్పింది. నేను, బేబీ, నానమ్మా. గో."

హెప్సీ దాన్ని దగ్గరికి తీసుకుంది. "అమ్మ కోపంలో అంది తల్లీ. అది తప్పు మాట. అమ్మ సారీ." జోయానా ఓకే అంది కానీ, షూస్ మాత్రం పెట్టెలోంచి తీయనివ్వలేదు. హెప్సీకి బతిమాలే ఓపిక కూడా లేక అలాగే వదిలేసింది.

రాకేష్ ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "బాధపడకు హెప్సీ. వాడికి ఒక వారంలో అలవాటైపోతుంది. ఈ వయసులో ఏం గుర్తుంటుంది? నాకేమైనా గుర్తుందా చెప్పు. అమ్మ సెలవలకి వచ్చేవారు, వెళ్ళేవారు. నేను హ్యాపీగానే ఉన్నాను."

మడుస్తున్న చొక్కా సుగుణమ్మ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని విప్పి మళ్ళీ మడిచింది.

"మీరు వెళ్ళి పడుకోండమ్మా. రేపు లాంగ్ జర్నీ. నేను సర్దేస్తాను" అన్నాడు రాకేష్ ఆప్యాయంగా. ఆవిడ సరే నాన్నా అని లేచి వెళ్ళిపోయింది.

హెప్సీ ఆ రాత్రి అలారం పెట్టలేదు. పాస్‌పోర్టులు టేబుల్ మీద ఉన్నాయా లేదా చూసుకుని పడుకుంది, అంతే గుర్తు. ఎప్పుడో మధ్యలో ఎనోషు ఏడుపు, అత్తగారి చెప్పుల చప్పుడు వినిపించినట్టు అనిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

కళ్ళు తెరిచేసరికి గదంతా ఎండ. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎన్ని నెలలైందో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం విని. ముందు ఎంతో హాయిగా అనిపించింది. ఆ వెంటనే ఎనోషు గుర్తొచ్చాడు. దిగ్గున లేచి హాల్లోకి వస్తే తొట్టి ఖాళీ, పెట్టెలు లేవు. ఫ్లైట్ సాయంత్రమని, రాకేష్ పెట్టెలు కారులో పెట్టి ఉంటాడని ఆమె బుద్ధికి అందలేదు. వెళ్ళిపోయారు, నన్ను లేపకుండా తీసుకెళ్ళిపోయారు అనుకుంది. చెప్పులు లేకుండా వాకిలి దాకా పరిగెత్తింది.

బాల్కనీ అద్దం తలుపు అవతల కనిపించారు. సుగుణమ్మ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఎనోషుని పెట్టుకుని ఉగ్గు తినిపిస్తోంది. జోయానా పక్కనే బొమ్మలేసుకుంటోంది. హెప్సీ గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. ఎనోషు చక్కగా నోరు తెరిచి తింటున్నాడు. తన దగ్గర ఒక్క ముద్ద మింగాలంటే ఇల్లంతా తిప్పించే వెధవ. ఉగ్గు మూతికి పూసుకుని, నానమ్మ గాజులు లాగుతూ, ఏవో కబుర్లు చెబుతున్నాడు. వీడు హాయిగా ఉంటాడు అనుకుంది హెప్సీ. నేను లేకపోయినా వీడికి ఏ లోటూ రాదు. ఆ మాట నిజమని తెలుస్తోంది. ఆ నిజం ఆమె తట్టుకోలేకపోయింది.

తలుపు జరిపింది. ఎనోషు తిరిగి చూశాడు.

అంతసేపూ కులాసాగా ఉన్నవాడు, తల్లి కనబడగానే కింది పెదవి విరిచాడు. మొహం ఎర్రబడింది. లోకంలో కష్టాలన్నీ తన ఒక్కడికే వచ్చినట్టు గొల్లుమన్నాడు. రెండు చేతులూ చాపి, నానమ్మ ఒళ్ళోంచి ముందుకి దూకబోయాడు. అదే ఏడుపు. నెలల తరబడి హెప్సీని నమిలేసిన ఏడుపు. ఆమె ఎత్తుకోగానే టక్కున ఆపి, ఉగ్గు మూతిని ఆమె నైటీ భుజానికి తుడిచి, మెడ సందులో తల దూర్చాడు.

హెప్సీకి నడుము లాగింది. ఒక్క రాత్రి నిద్రకి తీరే అలసట కాదది. ఇంకా ఎన్నో రాత్రులు ఇలాగే తెల్లారతాయని ఆమెకి తెలుసు. అయినా వాణ్ణి దించాలనిపించలేదు. ప్రభువా, నాకు ఓపిక లేదు, నువ్వే ఏదైనా చెయ్యి అనుకుంది. అంతకన్నా మంచి మాటలేవీ రాలేదు.

"అత్తయ్యా, వీణ్ణి పంపలేను" అంది. "నాకు చేతకావడం లేదు. రేపు కూడా చేతకాదు. మళ్ళీ అరుస్తాను కూడా. అయినా పంపలేను. డేకేర్‌లో వేస్తాం, పడతాం. టికెట్ కేన్సిల్ చెయ్యమని రాకేష్‌కి చెప్తాను."

సుగుణమ్మ ఉగ్గు గిన్నె అంచు చెంచాతో గీకి, ఆ చెంచా గిన్నెలోనే పెట్టింది. ఖాళీ అయిన ఒళ్ళోకి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"మీకు అన్యాయం చేస్తున్నాను. పాపం ఉయ్యాల కూడా దింపించారు."

"ఉయ్యాలదేముందిలే. ఎక్కించమంటే మళ్ళీ ఎక్కిస్తారు" అంది ఆవిడ. నవ్వబోయింది కానీ సరిగ్గా రాలేదు.

హెప్సీ నేరం చేసినదానిలా, "మీ దగ్గర ఎంత బాగా ఆడుకున్నాడు. నన్ను చూస్తే చాలు ఏడుపే వీడికి. ఎప్పుడూ నా దగ్గరే ఏడుస్తాడు" అంది.

సుగుణమ్మ లేచి వచ్చి ఎనోషు వీపు నిమిరింది. వాడు తల తిప్పలేదు, తల్లి మెడని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"సెలవలొస్తే చాలు, రాకేషుని చూడ్డానికి పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్నమ్మా" అంది ఆవిడ. "బస్సు దిగి గుమ్మంలో నిలబడితే, వందనాలండీ అని, ఇంత కుర్చీ ఈడ్చుకొచ్చి వేసేవాడు. ఇదిగో, మన జోయానా అంత ఉన్నప్పుడు. ఎంత బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకునేవారు." ఆవిడ చెయ్యి ఎనోషు వీపు మీదే ఆగింది. "నన్ను చూసి వాడు ఒక్కసారి కూడా ఏడవలేదు."